నూనె కారితే నూనె పోయేదొక్కటే కాదు



కోవిల్‌పట్టిలో మొన్న మనవాళ్లు కూడినప్పుడు ఒక తమ్ముడు అడిగాడు: "మా చేను దగ్గరి ట్రాన్స్‌ఫారం కింద ఎప్పుడూ నూనె మరకే. అయినా కరెంటు వస్తోంది కదా, ఏం నష్టం?" ఈ ప్రశ్నకు జవాబు మన చరిత్రలోనే ఉంది.

ఈ నల్లరేగడిలో మన తాతలు వానను నమ్ముకుని పత్తి, సజ్జ పండించారు. బావి ఉన్నవాళ్లు ఎద్దులతో కపిల తోలారు. నీలగిరిలో పైకారా 1932లో, మనకు దగ్గరగా తామ్రపర్ణి మీద పాపనాశం 1944లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి. 1957 జూలై 1న మద్రాసు రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ తర్వాత పంపుసెట్లు పెరిగాయి, కపిలలు మూలపడ్డాయి.

ఆ కరెంటు ఊరికే నిలవలేదు. 1970లో యూనిట్ ధర 8 పైసల నుంచి 10 పైసలకు పెరిగితే రైతులు రోడ్డెక్కారు. పెరుమానల్లూరు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 1972లో కోయంబత్తూరు వీధులను ఎడ్లబండ్లు నింపేశాయి. ఆ పోరాటాలను నడిపిన సి. నారాయణస్వామి నాయుడు మన తెలుగింటి మనిషి. 1984 డిసెంబరులో ఆయన కన్నుమూసింది మన కోవిల్‌పట్టిలోనే. 1990లో రాష్ట్రంలో రైతులందరికీ ఉచిత కరెంటు వచ్చింది.

పైసా కోసం అంత పోరాడిన మనం, ఆ కరెంటును మోటారుకు అందించే డబ్బాను మాత్రం పట్టించుకోం.

ట్రాన్స్‌ఫారంలో నూనె రెండు పనులు చేస్తుంది. చుట్టల్లో పుట్టే వేడిని బయటికి మోస్తుంది, కరెంటు అడ్డదారి పట్టకుండా ఆపుతుంది. రాగి తీగకు చుట్టిన కాగితం కూడా ఆ నూనెలోనే నాని ఉంటుంది. ఆ కాగితానికి తేమ పడదు. పగలు వేడికి నూనె ఉబ్బుతుంది, రాత్రి చల్లబడి కుంగుతుంది. అలా కుంగినప్పుడు ట్రాన్స్‌ఫారం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలోని తేమను పట్టడానికే బ్రీదర్ సీసాలో సిలికా జెల్ పోస్తారు. పాతరకం జెల్ నీలంగా ఉంటే బాగున్నట్టు, గులాబీ రంగుకు తిరిగితే మార్చాల్సిందే.

"మనది ఎండ సీమ, ఇక్కడ తేమెక్కడిది?" అనుకుంటాం. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలు నిలబడింది ఈ పొడి గాలితోనే. మోసం కూడా అక్కడే ఉంది. నెలల తరబడి ఎండకు మూత కింది గ్యాస్కెట్టు, బుషింగుల దగ్గరి రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తాయి. ఐప్పసిలో ఈశాన్య వాన దిగేసరికి ఆ సందులే నీటికి దారులు. కింద కారితే నూనె మట్టం తగ్గి లోపల గాలి చేరుతుంది, పైన సందుంటే వాన నీరే దిగుతుంది. నీరు నూనెకన్నా బరువు కనుక అడుగుకు చేరుతుంది. పాత లైన్‌మన్లు అడుగు వాల్వు నుంచి కాస్త నూనె పట్టి వేడిచేసి చూసేవారు. చిటపటలాడితే నీళ్లున్నట్టే.

మా ఊళ్లో ఒక కార్తీకంలో ఇలాగే ఒకటి కాలిపోయింది. కొత్తది వచ్చేసరికి పొంగల్ దాటింది. ఆలోపు మిరప వాడిపోయింది. ఆ మరకను మేమందరం రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాం.

బోల్టులు ఇంకా బిగిస్తే పోతుందనుకోవద్దు. ఎక్కువ బిగిస్తే కార్కు నలిగి కారడం పెరుగుతుంది. పైన పుట్టీ మెత్తడం నాలుగు రోజుల ముచ్చటే. లైను ఆపి, గ్యాస్కెట్టు మార్చి, నూనెను వేడిచేసి వడపోసి, తేమ తీసి, పరీక్షించి నింపడమే అసలు వైద్యం. అది బోర్డు వాళ్ల పని. మనమెవరం డబ్బా ముట్టకూడదు, స్తంభం ఎక్కకూడదు. కారిన నూనెను కీళ్లనొప్పులకు రాసుకోవద్దు, దీపానికీ వాడొద్దు. కొన్ని పాత ట్రాన్స్‌ఫారాల్లో పీసీబీ అనే విషం ఉండేది. వాటిని 2025 చివరికల్లా పూర్తిగా వాడకం నుంచి తీసేయాలని మన ప్రభుత్వం 2016లోనే ఉత్తర్వు ఇచ్చింది.

మన పని చూడటం, చెప్పడం. ఆవణి ముగిసేలోపు కోవిల్‌పట్టి, విరుదునగర్ పక్కల ప్రతి ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు దూరం నుంచే మూడు సంగతులు చూడాలి: కింద మరక, గాజులో నూనె మట్టం, బ్రీదర్ రంగు. ఫోటో తీసి, తేదీ వేసి, సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పైసా కోసం నిలబడ్డ పెద్దల పిల్లలం మనం. ఒక మరక కోసం ఆఫీసు గడప తొక్కలేమా?