భివండీ రోడ్



మీరు భద్రాచలం రోడ్ స్టేషనులో రైలు దిగితే, దిగేది భద్రాచలంలో కాదు, కొత్తగూడెంలో. రాములవారి గుడి ఇంకా నలభై కిలోమీటర్ల దూరం. శ్రీకాకుళం రోడ్‌లో దిగితే అది ఆమదాలవలస. రైల్వేవారు పేరు చివర 'రోడ్' అని తగిలించారంటే, ఊరు ఇక్కడ లేదు, ఊరికి దారి మాత్రం ఉంది అని చెప్పడమే. మహారాష్ట్రలో, ఠాణే జిల్లాలో, అలాంటి పేరే మరొకటి ఉంది. అదే భివండీ రోడ్.

భివండీ అంటే మీలో చాలామందికి కొత్త కాదు. మన నేత పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఆ మరమగ్గాల పట్నానికి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లాయి. అక్కడి పద్మానగర్‌లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. మరి ఇంతమందిని రప్పించుకున్న ఊరికి రైలు ఎందుకు దూరమైంది?

1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణేకు, 34 కిలోమీటర్లు, మన దేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. మరుసటి ఏడు మే 1న పట్టాలు కల్యాణ్ చేరాయి. ఆ లైను ఉల్హాస్ నదికి దక్షిణపు ఒడ్డునే సాగింది. భివండీ అవతలి ఒడ్డున ఉండిపోయింది. కల్యాణ్ పెద్ద జంక్షన్ అయింది. అక్కణ్ణుంచి ఒక దారి ఇగత్‌పురికి, మరొక దారి పూణే వైపు వెళ్లాయి. ఈ రెండో దారి 1871లో రాయచూరు దగ్గర మద్రాసు లైనును కలిసింది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. తెలంగాణకు కల్యాణ్‌తో పట్టాల బంధం అలా కుదిరింది.

నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ వెళ్లే లైను ఆ తర్వాత వచ్చింది. అది మీటరుగేజి. కనుక బ్రాడ్‌గేజి అయ్యేదాకా మూటాముల్లెతో మధ్యలో బండి మారక తప్పేది కాదు. నేడు దేవగిరి, నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్‌లు నేరుగా కల్యాణ్‌లో దించుతాయి. అయినా భివండీకి మిగిలిన పదీ పన్నెండు కిలోమీటర్లు రోడ్డు మీదే పోవాలి.

1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. మిల్లులు మూతపడేకొద్దీ బట్ట నేసే పని మరమగ్గాలకు మళ్లింది. భివండీలో చేతులకు గిరాకీ పెరిగింది. అక్కడ మిల్లు కార్మికుడు పోగొట్టుకున్న పనే ఇక్కడ మన నేతగాడికి దొరికింది. అయితే ఆ కార్మికుడికి ఉన్న కొలువు భద్రత మాత్రం మనవాడికి దక్కలేదు.

భివండీ రోడ్ స్టేషను ఉన్న దీవా–వసాయి లైను 1980ల నాటిది. సరుకు బళ్లు బొంబాయి నగరంలోకి పోకుండా మధ్య రైల్వే నుంచి పశ్చిమ రైల్వేకు దాటాలని వేసినది. మనుషుల బళ్లు దాని మీద నేటికీ కొద్దే. 2020లో ఇక్కణ్ణుంచి గౌహతి దగ్గరి అజారాకు పార్సిల్ రైళ్లు మొదలయ్యాయి. సరుకుకు దారి దొరికింది. మనిషికి మాత్రం కల్యాణే గడప.

శ్రోతలారా, మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా భివండీ వెళ్లివచ్చి ఉంటే, ఏ స్టేషనులో ఎక్కారో, ఎక్కడ దిగారో అడిగి తెలుసుకోండి. స్టేషన్ల చరిత్ర రైల్వే కాగితాల్లో దొరుకుతుంది. ప్రయాణికుల చరిత్ర మాత్రం వారు చెబితేనే మిగులుతుంది.