గురుడి మేఘాలని పక్క నుంచి చూస్తే ఏం తెలిసింది?

మీ దగ్గర పోలరాయిడ్ కూలింగ్ గ్లాసెస్ ఉంటే పెట్టుకుని, ఫోన్‌ని మెల్లగా తిప్పి చూడండి. చాలా ఫోన్లలో ఒక కోణం దగ్గర స్క్రీన్ నల్లబడిపోతుంది. ఎందుకంటే స్క్రీన్ వెలుగు ఒకే దిశలో ఊగుతుంది. దాన్నే పోలరైజ్డ్ లైట్, తెలుగులో ధ్రువిత కాంతి అంటాం.

సూర్యుడి వెలుగు అన్ని దిశల్లోనూ ఊగుతుంది. అదే వెలుగు గాలి అణువులకో, సన్నటి కణాలకో తగిలి పక్కకి చెదిరితే, ఒక దిశ ఎక్కువవుతుంది. దట్టమైన మేఘంలో మాత్రం మళ్లీ మళ్లీ చెదిరి ఆ గుర్తు చాలావరకు చెరిగిపోతుంది. అంటే, ఈ గుర్తు చూసి మేఘం ఎలాంటిదో అంచనా వెయ్యొచ్చన్నమాట!

1920లలో ఈ పనికి దిగింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త బెర్నార్ లియో. ప్యారిస్ పక్కన మ్యూడాన్ అబ్జర్వేటరీలో, వెయ్యిలో ఒక వంతు పోలరైజేషన్‌ని కూడా పట్టే పరికరం తయారుచేశాడు. దాంతో గురు గ్రహాన్ని చూస్తే, మధ్యలో గుర్తు చాలా తక్కువ, ధ్రువాల దగ్గర ఎక్కువ. అక్కడ ఏదో తేడా ఉంది. కానీ ఏంటది?

ఇక్కడే చిక్కు వచ్చింది. ఈ గుర్తు బలంగా కనిపించేది 90 డిగ్రీల దగ్గర, అంటే పక్క నుంచి చూస్తే. గురుడు మనకన్నా చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి, భూమి మీద నుంచి ఆ కోణం 12 డిగ్రీలు దాటదు. ఎంత మంచి టెలిస్కోప్ ఉన్నా లాభం లేదు, మనమే అక్కడికి వెళ్లాలి. లియో 1952లో, సూడాన్‌లో గ్రహణం చూసి తిరిగొస్తూ చనిపోయాడు. అప్పటికి స్పుత్నిక్ కూడా ఎగరలేదు.

1973 డిసెంబర్‌లో పయనీర్ 10, ఏడాది తర్వాత పయనీర్ 11 గురుడి పక్క నుంచి వెళ్లాయి. టామ్ గెరెల్స్ బృందం పరికరం ఆ కోణాల నుంచి కొలిచింది. ధ్రువాల దగ్గర పోలరైజేషన్ దాదాపు 50 శాతం! మేఘాల పైన సన్నటి కణాల పొగమంచు పొర ఉందని అర్థమైంది.

అయితే ఆ పొర వెలుగుని ముందుకి చెదరగొట్టే తీరు చూస్తే, కణాలు పెద్దవే అనిపించింది. రెండూ ఎలా కుదురుతాయి? 1991లో వచ్చిన వివరణ ఇది: చిన్న కణాలు ఒకదానికొకటి అంటుకుని, బూజు ఉండల్లా గుల్లగా ఉంటాయి.

లియో కళ్లకి లీలగా కనిపించిన ఆ తేడా వెనక ఉన్నది ఈ పొరే.