జోడేఘాట్‌లో కాల్పులు ఆగిన తర్వాత

1940. కెరమెరి గుట్టల్లోని జోడేఘాట్‌ మీదికి నిజాం పోలీసులు ఎక్కారు. వాళ్ల దగ్గర తుపాకులున్నాయి. పైన గోండుల తిరుగుబాటుకు నాయకుడైన కుమ్రం భీం, ఆయన వెంట గోండు యువకులు. తూటాలకు భీం నేలకొరిగాడు. ఆయనతో పాటు మరికొందరు ప్రాణాలు విడిచారు.

అక్కడికి తిరుగుబాటు అణిగిపోయిందని సర్కారు అనుకుంది. కానీ తిరుగుబాటుకు మూలమైన బాధ గూడేల్లో అట్లాగే ఉంది. తాతల నాటి చేన్లను రిజర్వు ఫారెస్టులో కలిపేశారు. పశువులు మేపితే పన్ను, కట్టెలు తెచ్చుకుంటే జరిమానా. బాబేఝరి చుట్టూ ఉన్న పన్నెండు గూడేల కోసం నిజాంకే మొర పెట్టుకుందామని భీం హైదరాబాద్ దాకా వెళ్లాడని, దర్శనం దొరకలేదని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

గోండులు ఎందుకు తిరగబడ్డారో ఆ గూడేలకే వెళ్లి విన్నవాడు ఒక పరదేశి. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కావడంతో బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడు. నిజాం రాజ్యంలో ఉండడానికి మాత్రం అనుమతి దొరికింది. భార్య బెట్టీతో కలిసి జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండీ నేర్చుకుని, జనం చెప్పింది రాసుకున్నాడు.

అక్కడ ఆయన కంటబడ్డ సంగతి ఒకటి చెప్పాలి. చాలామంది గోండులు శివాయి జమాబందీ కింద సాగు చేసేవాళ్లు. అంటే శిస్తు కడుతున్నారు, భూమి మాత్రం వాళ్ల పేరు మీద లేదు. కొన్నేళ్లు దున్నిన చేనును బీడు పెట్టి, పక్క చేనుకు మారడం వాళ్ల వ్యవసాయం. కచేరీ భాష తెలిసిన బయటివాడు పట్వారీని పట్టుకుని ఆ బీడును తన పేర రాయించుకునేవాడు. మరుసటేడు నాగలి కట్టుకుని వచ్చిన గోండు తన చేలోనే పరాయివాడయ్యేవాడు. దొంగతనం కాగితం మీద జరిగింది కాబట్టి దాన్ని సరిదిద్దడం కూడా కాగితం మీదే జరగాలి. హైమండార్ఫ్ పట్టుబట్టింది అక్కడే. నిజాం సర్కారుకు సలహాదారుగా ఆయన, ప్రత్యేక గిరిజన అధికారిగా సేతుమాధవరావు పగడి పూనుకుని పని చేశారు. ఆదిలాబాద్ జిల్లాలో 11,000 మందికి పైగా గిరిజనులకు దాదాపు 1,60,000 ఎకరాల మీద పట్టాలు వచ్చాయి. కాల్చిన ప్రభుత్వమే పట్టా ఇచ్చింది. యుద్ధం చూసిన ఏ ప్రాంతంలోనైనా ఇది అరుదైన విషయం.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచారు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చు వేశారు. అక్కడ చదివినవాళ్లు పంతుళ్లయ్యారు, కొందరు పట్వారీలూ అయ్యారు. నిన్నటిదాకా పట్వారీ అంటే దాక్కున్న గూడెం నుంచే ఒకడు ఆ దఫ్తరు చంకన పెట్టుకుని తిరిగితే, అది చూసిన తల్లికి ఎట్లా అనిపించి ఉంటుందో!

తగాదాలు తీర్చే పని 1946 నాటి గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్‌తో గిరిజన పంచాయతీల చేతికి వచ్చింది. ఇలాంటి పనే చాలా ఏళ్ల తర్వాత రువాండాలోనూ జరిగింది. అక్కడ 1994 మారణకాండ తర్వాత మామూలు కోర్టులు ఆ భారం మోయలేకపోయినప్పుడు, ఊరి జనం ఎదుటే విచారణ జరిపే గచాచా కోర్టులు పెట్టారు. 2012లో మూసేనాటికి అవి లక్షల కేసులు చూశాయి. వాటి మీద విమర్శలూ తక్కువేం కాదు. అయినా ఊరి గాయానికి ఊరే కూర్చోవాలన్న ఆలోచన గోండులకు కొత్త కాదు. వాళ్ల సంప్రదాయ పంచాయతీలైన రాయి సెంటర్లలో సార్‌మేడీలనే పెద్దలు ఇవాళ్టికీ తగాదాలు పరిష్కరిస్తున్నారు.

కట్టిన ఇంటికి కాపలా లేకపోయింది. రాజ్యం మారింది, రోడ్లు పడ్డాయి, బయటి నుంచి వలసలు పెరిగాయి. గిరిజనేతరులకు భూమి బదలాయింపును అడ్డుకునే 1959 నాటి చట్టం తెలంగాణకు వర్తించింది 1963లో. దాన్ని గట్టిపరిచిన 1970 నాటి 1/70 చట్టం వచ్చేసరికి చేయి దాటిన భూమి ఎంతో. భూమి గొడవలు ముదిరి, 1978 నాటికి పక్కనే కరీంనగర్ జిల్లాలో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి అంగడి రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభకు ముందు ఇచ్చిన అనుమతిని రద్దు చేశారు. ఆ సంగతి తెలియని గోండులు నడిచి వచ్చారు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. జోడేఘాట్ జరిగిన నలభై ఏళ్లకు మళ్లీ అదే భూమి, మళ్లీ అవే తుపాకులు. నా మటుకు నాకు, పట్టాలిచ్చి వాటిని కాపాడనందుకు పడిన శిక్ష అది. శిక్ష మాత్రం అనుభవించింది తప్పు చేయనివాళ్లు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన హైమండార్ఫ్ అస్థికలూ తర్వాత అక్కడికే చేరాయి. గోండులు ఏటా వాళ్లను తలుచుకుంటారు.

2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రమంతటా కలిపి 4 లక్షల ఎకరాలకు పైమాటే. పట్టా రాని అర్జీదారులు ఇంకా ఉన్నారు. అర్జీని కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వాలన్నది ఆ చట్టం నిబంధనే. ఆ కారణాన్ని గ్రామసభలో, గోండీలో చదివి వినిపించమని ఉట్నూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులను కోరుతున్నాను. 1943లో గోండీలో పాఠం చెప్పించగలిగిన ప్రభుత్వ యంత్రాంగానికి ఇది చేతకాని పనేమీ కాదు.