మంగళగిరిలో డ్రోన్ సమ్మిట్‌కు వెళ్తున్నారా? గది కృష్ణకు ఏ ఒడ్డున తీసుకోవాలి?

విమానాలు, డ్రోన్ల పండగకు వెళ్లేవాళ్లు ముందు పాస్ గురించి ఆలోచిస్తారు, తర్వాత టికెట్ గురించి. గది సంగతి చివర్లో గుర్తొస్తుంది. అప్పటికి మిగిలేవి రెండే రకాలు. జేబుకు అందనివి, వేదికకు అందనివి.

మంగళగిరి విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2024 అక్టోబరు 22, 23 తేదీల్లో జరిగిన అమరావతి డ్రోన్ సమ్మిట్‌నే తీసుకోండి. సదస్సు, ఎగ్జిబిషన్ మంగళగిరిలోని సీకే కన్వెన్షన్‌లో పెట్టారు. మొదటి రోజు రాత్రి 5,500 డ్రోన్లతో చేసిన షో మాత్రం విజయవాడ పున్నమి ఘాట్‌లో. ఆ ఒక్క షోకే అయిదు గిన్నిస్ రికార్డులు దక్కాయి. అంటే పగటి కార్యక్రమం కృష్ణకు దక్షిణాన, రాత్రి కార్యక్రమం ఉత్తరాన. మధ్యలో నది. దాటడానికి కనకదుర్గ వారధి, ప్రకాశం బ్యారేజీ లాంటివి ఉన్నాయి. బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు. షో అయ్యాక ఘాట్ నుంచి జనమంతా ఒకేసారి రోడ్డెక్కుతారు.

కాబట్టి గది ఎక్కడో తేల్చాల్సింది పగటి వేదికను చూసి కాదు, రాత్రి షోను చూసి. ఉదయం మంగళగిరికి వెళ్లడం పెద్ద కష్టం కాదు. విజయవాడ నుంచి 12, 13 కిలోమీటర్లు, పైగా జాతీయ రహదారి. రాత్రి పదింటికి పిల్లలతో, పెద్దవాళ్లతో ఘాట్ దగ్గర నిలబడి, ఆటో దొరక్క నది దాటడమే కష్టం. రాత్రి షో చూడాలనుకుంటే భవానీపురం, వన్‌టౌన్, బస్టాండ్ పరిసరాల్లో గది తీసుకోండి. షో వద్దు, సదస్సు చాలనుకుంటే మంగళగిరి, తాడేపల్లి వైపే నయం.

టెంట్ వేసుకోవచ్చా?

అమెరికాలో విమానాల మేళాకు వెళ్లేవాళ్లు విమానం రెక్క కింద టెంట్ వేసుకుని పడుకున్న ఫొటోలు, రీల్స్ మీరు చూసే ఉంటారు. అక్కడ దాన్ని ఫ్లై-ఇన్ అంటారు. చిన్న విమానాల యజమానులు సొంతంగా నడుపుకొంటూ ఒకచోట చేరతారు. మన దగ్గర జరిగేవి ఆ తరహావి కావు. కన్వెన్షన్ హాల్లోనో, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లోనో, పాత విమానాశ్రయంలోనో జరుగుతాయి. సాయంత్రానికి గేట్లు మూసేస్తారు.

పోనీ కృష్ణ ఒడ్డున వేసుకుందామా అంటే, ఆ ఆలోచన మానుకోండి. సమ్మిట్‌కు ఏడు వారాల ముందు, 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. భవానీ ద్వీపం మునిగింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొట్టాయి. పైగా అక్టోబరు, నవంబరు కోస్తాకు తుపాన్ల కాలం. వీఐపీలు వచ్చే రోజున ఘాట్ పక్కన రాత్రి టెంట్ కనిపిస్తే పోలీసులూ ఊరుకోరు.

నది గాలి కావాలనుకునేవారికి పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే హరిత బెర్మ్ పార్క్ ఉంది. భవానీపురంలో, పున్నమి ఘాట్‌కు దగ్గర్లోనే. భవానీ ద్వీపంలోని కాటేజీలకు మాత్రం పడవ మీదే వెళ్లాలి. వరద పెరిగితే పడవలు ఆపేస్తారు. రాత్రి షో పెట్టుకుని ద్వీపంలో గది తీసుకుంటే, చివరి పడవ ఎన్నింటికో ముందే అడిగి పెట్టుకోండి.

మంగళగిరి గదులకు పోటీ ఎవరు?

మంగళగిరి పెద్ద ఊరే కానీ హోటళ్ల ఊరు కాదు. ఉన్న గదులకు గిరాకీ చాలా వైపుల నుంచి వస్తుంది. పానకాల స్వామి దర్శనానికి వచ్చే భక్తులు, సచివాలయం పనుల మీద వచ్చేవాళ్లు, ముహూర్తాల రోజుల్లో పెళ్లివాళ్లు. అన్నిటికన్నా ముఖ్యంగా ఎయిమ్స్‌కు వచ్చే రోగుల బంధువులు. వాళ్లకు వేరే దారి ఉండదు. వార్డు బయట కూర్చునే మనిషికి పక్కనే చవక గది కావాలి. మీకు కారో బైకో ఉండి, విజయవాడలో గది దొరుకుతుంటే ఎయిమ్స్ చుట్టుపక్కల లాడ్జీలను వాళ్లకు వదిలేయండి. ఇది రూల్ కాదు, మా మాట.

గుంటూరు దాదాపు 20 కిలోమీటర్లు. విజయవాడ నిండిపోయినప్పుడు, ముఖ్యంగా దుర్గగుడిలో దసరా ఉత్సవాలు నడిచే రోజుల్లో, చాలామందికి గుర్తురాని ఊరు ఇదే. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డుకు వచ్చే వ్యాపారులతో అక్కడి లాడ్జీలకూ రద్దీ ఉంటుంది. మంగళగిరి స్టేషన్ విజయవాడ-గుంటూరు లైన్‌లోనే ఉంది కానీ ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగవు. ఆగే రైలేదో చూసుకున్నాకే గుంటూరు వైపు మొగ్గండి.

ఒక్క రాత్రికే అయితే విజయవాడ స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్ చూడండి. కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ ఉంటే పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. గది వద్దనుకుంటే డార్మిటరీలో మంచం తీసుకోవచ్చు. గరిష్ఠంగా 48 గంటలు. విద్యార్థులకు ఇంతకన్నా చవకైన దారి తక్కువ.

బుక్ చేసే ముందు అడగాల్సినవి

చెకౌట్ ఎప్పుడు? మన లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల లెక్క. పెద్ద హోటళ్లలో ఉదయం 11 లేదా మధ్యాహ్నం 12 గంటలు. తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు ఇది అడగకపోతే మూడు గంటల నిద్రకు ఒక రోజు అద్దె అదనంగా పడుతుంది.

పన్ను ఎంత? 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న గదిపై జీఎస్టీ 5 శాతమే. అంటే రూ.3,000 గదికి రూ.150. ఆ గదికే 12 శాతం వేసి పాత లెక్కన రూ.360 అడిగితే బిల్లు చూపించమనండి.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాలా? చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ సైట్ నుంచి దించుకుని ఇవ్వొచ్చు. డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డు కూడా గుర్తింపు పత్రాలే. మీతో అమెరికా పాస్‌పోర్టు ఉన్న బంధువులు వస్తుంటే మాత్రం ముందే చెప్పండి. విదేశీ పౌరుల వివరాలను హోటల్ వాళ్లు 24 గంటల్లోగా అధికారులకు తెలపాలి. ఆ ఏర్పాటు లేని లాడ్జీలు అర్ధరాత్రి గది ఇవ్వమని తిప్పి పంపేస్తాయి.

బుకింగ్ రద్దు చేసి అదే గదిని ఎక్కువ ధరకు ఇంకొకరికి ఇచ్చారనిపిస్తే స్క్రీన్‌షాట్లు దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పర్యాటకుల హెల్ప్‌లైన్ 1363.

డ్రోన్ తీసుకెళ్తున్నారా?

హ్యాకథాన్ జట్లకు గదితో పాటు సామాను బెంగ కూడా ఉంటుంది. విమానంలో వస్తుంటే విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. గదిలో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. లిథియం పాలిమర్ బ్యాటరీ అంటుకుంటే మంట అదుపు చేయడం కష్టం, పక్క గదుల్లో జనం ఉంటారు. హోటల్ డాబా మీద నుంచి ‘ఒక్కసారి టెస్ట్ చేద్దాం’ అని ఎగరేయడం అసలే వద్దు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఏ జోన్‌లో ఉన్నారో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవడం మీ బాధ్యతే. రెడ్, ఎల్లో జోన్లలో అనుమతి తప్పనిసరి.

హైదరాబాద్, బెంగళూరు అయితే..

బేగంపేట విమానాశ్రయంలో జరిగే వింగ్స్ ఇండియాకు వసతి కష్టం తక్కువ. నగరం మధ్యలోనే వేదిక. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర గది తీసుకుని మెట్రోలో వెళ్లొచ్చు. మొదటి రోజులు వ్యాపార వర్గాలకు, చివరి రోజులు సాధారణ సందర్శకులకు కేటాయిస్తారు కాబట్టి పాస్ మీద తేదీ చూశాకే గది బుక్ చేయండి.

రెండేళ్లకోసారి బెంగళూరు యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో జరిగే ఏరో ఇండియా సంగతి వేరు. 2025లో ఫిబ్రవరి 10 నుంచి 14 దాకా జరిగింది. విన్యాసాల సమయంలో కెంపేగౌడ విమానాశ్రయంలో కొన్ని గంటలు విమానాలు ఆపేస్తారు. అందుకే రైలు మేలు. హిందూపురం మీదుగా వెళ్లే కొన్ని రైళ్లు యలహంకలోనే ఆగుతాయి. గది కూడా యలహంక, హెబ్బాళ వైపే చూసుకోండి. మెజెస్టిక్‌లో దిగితే పొద్దున షో సగం ట్రాఫిక్‌లోనే అయిపోతుంది.

నిజంగా టెంట్ కావాలంటే

అది విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కోష్‌లో. ఏటా జులై చివర్లో జరిగే ఎయిర్‌వెంచర్‌కు దాదాపు పది వేల విమానాలు, ఆరు లక్షలకు పైగా జనం వస్తారు. విమానంలో వచ్చినవాళ్లు విమానం పక్కనే టెంట్ వేసుకుంటారు. కారులో వచ్చేవాళ్లకు క్యాంప్ షోలర్ అనే మైదానం ఉంది. షికాగోలో ఉన్న మీ పిల్లలకు అది సుమారు 280 కిలోమీటర్ల దూరం. టెంట్ వద్దంటే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆష్‌కోష్ క్యాంపస్ హాస్టల్ గదులు, స్థానికులు అద్దెకిచ్చే ఇళ్లు ఉంటాయి. హోటళ్లు మాత్రం నెలల ముందే నిండిపోతాయి. 2010లో వానలకు ఆ క్యాంపు మైదానాలు బురదగుంటలయ్యాయి. టెంట్ కొనేటప్పుడు కింద పరిచే వాటర్‌ప్రూఫ్ పట్టా కూడా తీసుకోమని చెప్పండి.