పాత కారు ఏ.సి. - పూర్వాపరాలు

వేసవి వచ్చిందంటే పాత కారున్న పెన్షనర్ల ఇళ్లలో వినవచ్చే మాట ఒకటే - "ఏ.సి. చల్లగా రావడం లేదు, గ్యాసు అయిపోయిందేమో!" షెడ్డుకు వెళ్లి గ్యాసు నింపించుకోవడం, మరుసటి వేసవికి మళ్లీ అదే తంతు. నిజానికి ఈ గ్యాసు పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాలలో మళ్లీ మళ్లీ తిరిగేది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ఈ సంగతి తెలియాలంటే దీని చరిత్ర కొంత తెలుసుకోవాలి.

తొలినాటి రిఫ్రిజిరేటర్లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి విషవాయువులు వాడేవారు. అవి కారితే ప్రాణాపాయం. అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం 1928లో నిప్పంటుకోని, విషం కాని ఫ్రియాన్‌ను కనుగొన్నది. 1930లో ఆయన దానిని పీల్చి, కొవ్వొత్తిపై ఊది ఆర్పి సభికులకు చూపారు.

1939లో ప్యాకర్డ్ కంపెనీ చికాగో ప్రదర్శనలో ఏ.సి. కారును ప్రవేశపెట్టింది. చల్లబరచే భాగం వెనుక డిక్కీలో ఉండేది. కంప్రెసరుకు క్లచ్ లేదు. ఏ.సి. వద్దనుకుంటే ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయవలసిందే! 1941 తర్వాత అది మూలపడింది. 1953లో క్రైస్లర్ వంటి కంపెనీలు మళ్లీ చేపట్టాయి. 1954లో నాష్ కంపెనీ పరికరాలన్నింటినీ కారు ముందుభాగానికే చేర్చింది. నేటి కార్లదీ దాదాపు ఆ ఏర్పాటే.

ఇక అసలు మలుపు. ఫ్రియాన్ వంటి వాయువులు ఓజోన్ పొరను హరిస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ రంధ్రం సంగతి వెల్లడైంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ అందులో చేరింది. కార్లలో ఆర్-12 పోయి ఆర్-134ఏ వచ్చింది. కొత్త గ్యాసు అణువులు చిన్నవి, పాత రబ్బరు గొట్టాలనుండి సులువుగా జారిపోతాయి. పాత నూనె దానితో కలవదు. అందుచేత నూనె, డ్రయ్యర్, అవసరమైనచోట గొట్టాలు మార్చకుండా గ్యాసు మాత్రమే మార్చిన పాత కార్లలో చల్లదనం తగ్గింది, కంప్రెసర్లు కూడా పాడయ్యాయి.

2014లో ఉత్పత్తి నిలిచిన అంబాసిడర్, మారుతి 800 వంటి బండ్లున్న మిత్రులు షెడ్డుకు వెళ్లేముందు ఈ క్రింది విషయాలు గమనించగలరు.

1. కారు పరుగెడుతుంటే చల్లగా ఉండి, సిగ్నలు వద్ద ఆగితే వేడిగాలి వస్తోందా? రేడియేటరు ముందున్న కండెన్సరు దుమ్ముతో పూడి ఉండవచ్చు, లేదా దాని ఫ్యాను తిరగకపోవచ్చు.

2. గాలి చల్లగానే ఉన్నా తక్కువగా వస్తోందా? బ్లోయరో, డాష్‌బోర్డు క్రింద దుమ్ము పట్టిన కాయిలో కారణం కావచ్చు.

3. గాలి జోరుగా వస్తున్నా చల్లగా లేదా? ఏ.సి. వేయించి, దూరంగా నిలబడి చూడండి. కంప్రెసరు ముందు పళ్లెం తిరుగుతోందా? బెల్టు జారుతోందా? పంచె, తువ్వాలు దగ్గరకు రానీయవద్దు.

4. పళ్లెం తిరుగుతున్నా చల్లదనం లేకపోతే, గొట్టాల అతుకులవద్ద జిడ్డు మరకలకోసం చూడండి. కారే గ్యాసుతోపాటు నూనె కూడా బయటికి వస్తుంది. అతుకులు మాత్రం మనం విప్పరాదు. ఆ గ్యాసు తగిలితే చర్మం గడ్డకడుతుంది.

మెకానిక్‌ను మూడు కోరండి: ముందు లీకు సరిచేయాలి. తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను తీసివేయాలి. ఆపైన కంపెనీ చెప్పిన బరువు ప్రకారమే గ్యాసు ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. చవకగా వస్తుందని వంటగ్యాసు వంటివి నింపనీయకండి, అవి నిప్పంటుకుంటాయి.

ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు గాని, వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకన్నా దాదాపు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అందుకే 2016లో కిగాలీలో దాని వాడకం కూడా క్రమంగా తగ్గించాలని దేశాలు అంగీకరించాయి. కనుక లీకు మూయించిన పెన్షనరు తన డబ్బుతోపాటు మనవల కాలపు వేసవిని కూడా కొంత కాపాడినవాడవుతాడు.