నక్షత్రలోకములకు రాకపోకలు

ఆకాశమున కనిపించు చుక్కలలో మనవంటి జీవులు కలరా, వారు మన భూమికి రాగలరా, మనము వారి కడకు పోగలమా అను ప్రశ్న నేటిది కాదు. పుష్పక విమానమును గూర్చియు, నారదుని లోకసంచారమును గూర్చియు వినుచు పెరిగిన మనకు లోకాంతరగమనము వింతగా తోచదు. కాని కథలు లెక్కింపనిదియు, శాస్త్రము విడువరానిదియు ఒకటి కలదు. అది దూరము. ఈ ప్రశ్న యొక్క చరిత్ర చాలవరకు ఆ దూరమును కొలిచిన చరిత్రయే. అందలి రెండు ఘట్టములు మన దక్షిణదేశముననే జరిగినవి.

మొదటిది పుదుచ్చేరిలో జరిగినది. 1689 డిసెంబరులో ఝాన్ రిషో అను ఫ్రెంచి జెస్యూట్ మతాచార్యుడు అచ్చట ఒక తోకచుక్కను పరిశీలించుచు, ఆల్ఫా సెంటారి యను ప్రకాశవంతమైన దక్షిణాకాశపు తార ఒక్కటి కాదనియు, రెండు తారల జంట యనియు కనుగొనెను. సూర్యుని విడిచినచో మనకు మిక్కిలి సమీపమున నున్న నక్షత్రకుటుంబము అదియే. కాని ఆ సంగతి ఆయన యెరుగడు. నక్షత్రముల దూరమును కొలువగల సాధనములు ఆనాటికి లేవు. థామస్ హెండర్సన్ 1832-33లో దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలలో చేసిన పరిశీలనల ఆధారముతో 1839లో ఆ దూరమును ప్రకటించెను. ఆ కుటుంబములో మూడవదియు, మనకు అన్నిటికంటె దగ్గరిదియు నగు ప్రాక్సిమా యను మసక తారను 1915లో రాబర్ట్ ఇన్నెస్ కనిపెట్టెను. అది 4.24 కాంతి సంవత్సరముల దూరమున, అనగా దాదాపు 40 లక్షల కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నది. ఇది దగ్గరి చుట్టము ఇంటికే దారి. తక్కినవి ఇంకను దూరము.

రెండవది మదరాసులో జరిగినది. ఈస్టిండియా కంపెనీవారి వేధశాలకు అధిపతిగా నున్న కెప్టెన్ జేకబ్ 1855లో 70 ఓఫియూకి యను జంటతారల గమనమున కొంత తేడాను చూచి, అందొక గ్రహము ఉండుట మిక్కిలి సంభావ్యమని ప్రకటించెను. పరసూర్యుల చుట్టు గ్రహములు కలవని కొలతల ఆధారముతో చెప్పజూచిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి. తరువాతి గణనములు దానిని బలపరుపలేదు. ఇటువంటి పొరపాట్లు ఆపై మరికొన్ని జరిగినవి. 1877లో స్కియాపరెల్లి అంగారకునిపై చూచిన గీతలను లోవెల్ బుద్ధిజీవులు త్రవ్విన కాలువలని వ్యాఖ్యానించెను. 1965లో మారినర్-4 పంపిన చిత్రములలో కాలువలు లేవు, గుంటలు మాత్రము కనిపించినవి. 1963లో వాన్ డి కాంప్ బర్నార్డు తారకు గ్రహము కలదనెను. పదేండ్లకు అదియు నిలువలేదు.

వీరు అబద్ధమాడినవారు కారు. చూడవలెనను కోరిక చూపు కంటె ముందు నడచినది, అంతియే. కొలతలు సూక్ష్మమైన కొలది సత్యమే బయటపడినది. 1995లో మేయర్, కెలోజ్ అనువారు 51 పెగాసి యను సూర్యసమానమైన తారకు గ్రహము కలదని నిరూపించిరి. 2016లో ప్రాక్సిమాకును, 2024లో ఆ బర్నార్డు తారకును గ్రహములు కలవని తేలినది. కనుక పరలోకములు కలవనుట ఇప్పుడు ఊహ కాదు. అచ్చటికి పోవుట మాత్రము వేరు మాట.

1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. దాదాపు అర్ధశతాబ్దము పయనించి అది దాటిన దూరము కాంతికి సుమారు ఒక్క దినపు దారి. ఆ వేగముతో ప్రాక్సిమా యంత దూరము పోవుటకు ఇంచుమించు 75,000 ఏండ్లు పట్టును. వేగము పెంచవచ్చును గదా యందురేని, ఒక్క కిలోగ్రాము వస్తువును కాంతివేగములో పదవవంతునకు తెచ్చుటకే కనీసము 12.5 కోట్ల యూనిట్ల విద్యుత్తునకు సమానమైన శక్తి కావలెను. గమ్యమున ఆగుటకు మరల అంత శక్తి కావలెను. 1973-78 నడుమ బ్రిటిషు గ్రహాంతర సంఘమువారు డీడలస్ అను నౌకను కాగితముపై రచించిరి. 50 ఏండ్లలో బర్నార్డు తారను చేరవలసిన ఆ మానవరహిత నౌక బరువు 54,000 టన్నులు. అందు 50,000 టన్నులు ఇంధనమే. అయినను అది గమ్యమున ఆగలేక దాటిపోవలసినదే.

ఐన్‌స్టైన్ 1905లో చూపిన సూత్రము ప్రకారము, కాంతివేగములో నూటికి 99 వంతుల వేగముతో పోవువారికి ప్రాక్సిమా ప్రయాణము ఏడు నెలలకు కొంచెము మించి మాత్రమే తోచును; భూమిపై నాలుగేండ్లకు పైగా గడచును. భాగవతమున రైవతుడు కుమార్తెయగు రేవతిని వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయి, క్షణకాలము నిలిచి వచ్చునప్పటికి ఇచ్చట ఇరువదియేడు మహాయుగములు గడచినవి. ఆ కథను శాస్త్రమనుట తగదు. కాని దూరప్రయాణము చేసినవాడు తిరిగి వచ్చునప్పటికి తనవారు ఉండరను దుఃఖమును మన పెద్దలు ఊహింపగలిగిరి.

ఇక వారు మన కడకు వచ్చిరా? 1950లో లాస్ అలమోస్‌లో భోజనవేళ ఎన్రికో ఫెర్మి, అట్టివారు ఉన్నచో ఇంతకు ముందే వచ్చియుండవలెను గదా, మరి ఎచ్చటనని అడిగెను. అప్పటికి మూడేండ్ల క్రితమే, 1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అను వైమానికుడు అమెరికాలో తొమ్మిది వింత వస్తువులను చూచితిననుటతో ఎగురు పళ్లెముల కథలు బయలుదేరినవి. అమెరికా వాయుసేన 1969 వరకు 12,618 వార్తలను పరీక్షించెను. 701 మాత్రము తేలకుండ మిగిలినవి. తేలలేదనుట పరలోకమునుండి వచ్చినదనుటకు సాక్ష్యము కాదు. 2023లో నాసా నియమించిన పండితసంఘమును పరలోకపు ఆధారము కానరాలేదనియే చెప్పినది. జేకబ్ గ్రహమునకు ఏ కొలత కోరితిమో, ఈ అతిథులకును ఆ కొలతయే కోరుట న్యాయము.

నక్షత్రయానమును ప్రకృతి నిషేధింపలేదు; వెలను మాత్రము మిక్కిలి హెచ్చుగా నిర్ణయించినది. ఇరువైపులవారికిని ఆ వెల యొక్కటే. అయినను మనము ఊరకుండలేదు. వాయేజర్‌లో ఉంచిన బంగారు పూత రికార్డుపై 55 భాషలలో శుభాకాంక్షలు కలవు. అందు తెలుగు కలదు. మనతో ఇరుగుపొరుగుగా మసలు కన్నడము, మరాఠీ, ఒడియా కలవు. పుట్టినగడ్డను విడిచి తరములు గడచినను మాటను విడువని మనకు ఇది కొంత ఆత్మీయమైన వార్త. ఆ పలుకు వినువారు కలరో లేరో చెప్పలేము. మనుష్యుడు పోజాలని చోటికి అతని మాట బయలుదేరినదని మాత్రము చెప్పగలము.