జొన్నగట్క నుంచి సిరిధాన్యాల దాకా: కోరుట్ల ప్రాంతపు కంచం, ఆహార సలహాల చరిత్ర

కీలక పదాలు: కోరుట్ల, జొన్న, పెల్లాగ్రా, మాంసకృత్తుల లోటు, కీటో ఆహారం, సిరిధాన్యాలు, జాతీయ పోషకాహార సంస్థ

ఉపోద్ఘాతం

ఒకనాటి కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుంచి జగిత్యాల జిల్లాలో భాగమైన కోరుట్ల, రెండు మూడు తరాల వ్యవధిలో తిండి తీరు సమూలంగా మారిన ప్రాంతాలలో ఒకటి. చెరువు కింద, బావి కింద వరి పండినా కూలి ఇండ్లలోనూ చిన్న రైతుల ఇండ్లలోనూ రోజువారీ తిండి జొన్న, మక్క. గట్క, అంబలి, జొన్నరొట్టె. వాటి పక్కన పచ్చిపులుసో కారమో, ఉన్ననాడు పప్పో. వరి అన్నం పండుగకు, చుట్టాలు వచ్చిననాటికి. 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. తరువాతి దశాబ్దాలలో కాలువ నీరు, కరెంటు మోటార్లు, అధిక దిగుబడి వంగడాలు వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. వీటన్నింటి ఫలితంగా పండుగ అన్నం పూటపూటా అన్నమైంది.

అదే కాలంలో పని తీరు కూడా మారింది. దున్నకానికి ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు వచ్చాయి. కోరుట్ల, మెట్‌పల్లి ఇండ్లలో ఆడవారికి బీడీల చాట ముందు గంటల తరబడి కూర్చునే పని మిగిలింది. తిండి పెరిగి కదలిక తగ్గిన ఈ స్థితిలోకి టెలివిజన్, ఆ తరువాత యూట్యూబు బరువు తగ్గించే సలహాలను మోసుకొచ్చాయి. "అన్నమే విషం, పాత గింజలే మందు" అన్నది వాటి సారాంశం. ఈ మాటలో కొంత నిజం ఉంది. కాని పాత గింజలకూ జబ్బులకూ మధ్య ఉన్న సంబంధం తెలుగు నేల మీదనే శాస్త్రీయంగా పరిశీలనకు వచ్చిన విషయం. ఆ పరిశీలన చరిత్ర చదివితే నేటి సలహాలలో లోపించినదేమిటో బోధపడుతుంది.

రెండు గింజలు, రెండు జబ్బులు

నేడు హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక ఒక గింజతో ముడిపడినది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి జబ్బుపై విచారణ కోసం ఒక చిన్న ప్రయోగశాలగా అది మొదలైంది. తవుడు పోయేలా మరపట్టిన పచ్చి బియ్యమే ప్రధానాహారమైన ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతాలు. తవుడుతో పాటు థయమిన్ పోవడం దీనికి మూలం. ఉప్పుడు బియ్యం తినేవారిలో ఈ జబ్బు అరుదు. గింజ అదే, వడ్లను బియ్యంగా మార్చే తీరు వేరు.

ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత దాని దృష్టికి వచ్చిన ముఖ్య సమస్యలలో పెల్లాగ్రా ఒకటి. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, ముదిరితే మతి చలించడం దీని లక్షణాలు. ప్రపంచం అప్పటిదాకా దీనిని మక్క తినేవారి జబ్బుగా ఎరుగును. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇది అంటువ్యాధి అని వైద్యులు నమ్ముతున్న రోజులలో, 1915లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మిసిసిపీ జైలు పొలంలో ఖైదీలకు మక్క ప్రధానమైన నాసిరకం తిండి పెట్టి, జబ్బు కంచంలోనే పుడుతుందని చూపించాడు. హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చిన రోగులు మాత్రం ప్రధానంగా మక్క తిన్నవారు కారు, జొన్న తిన్నవారు. కోరుట్ల వంటి పల్లె ప్రాంతాల పాత తిండి కూడా అదే.

1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఈ చిక్కుకు ఒక సమాధానం ప్రతిపాదించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికమనీ, శరీరం ట్రిప్టోఫాన్‌ను నియాసిన్‌గా మార్చుకునే పనికి అది అడ్డు తగులుతుందనీ వారి వాదన. ఇతర చోట్ల జరిగిన ప్రయోగాలన్నీ దీనిని సమర్థించలేదు. ఆ సంస్థలోనే తరువాతి పరిశోధకులు ఐసోల్యూసిన్ నిష్పత్తిని, బి6 విటమిన్ పాత్రను చేర్చి వాదనను సవరించారు. ఇక్కడ గమనించవలసినది ఆ వాదన గెలుపోటములను కాదు. దానిని ప్రతిపాదించినవారు జొన్నను విషమని చాటలేదు. జొన్న తిన్న ప్రతివారికీ పెల్లాగ్రా రాలేదు. పప్పు, పాలు, మాంసం, కూర అందని ఇంట్లో, జొన్న ఒక్కటే కడుపు నింపే చోట వచ్చింది. సర్కారులో బియ్యం చేసిన పని తెలంగాణలో జొన్న చేసింది. గింజలు రెండు, జబ్బులు రెండు, లేమి ఒక్కటే. నేడు "మన తాతలు జొన్న తిని రాళ్లలా ఉన్నారు" అని వేదికల మీద వినిపించే మాటలో ఈ రోగుల ప్రస్తావన ఉండదు.

మాంసకృత్తుల లోటు అనే భ్రమ

తప్పుడు సలహా వైద్యవిద్య లేనివారి నుంచే వస్తుందనుకోవడం చరిత్రకు నిలవదు. 1960ల చివర ఐక్యరాజ్యసమితి నివేదికలు ప్రపంచానికి "మాంసకృత్తుల సంక్షోభం" ముంచుకొస్తున్నదని ప్రకటించాయి. పేద దేశాల పిల్లలకు ప్రత్యేక మాంసకృత్తుల పొడులు, పిండులు తయారుచేయడానికి సంస్థలు పూనుకున్నాయి. హైదరాబాదు నుంచి గోపాలన్ బృందం వేరే మాట చెప్పింది. క్వాషియార్కర్ వచ్చిన పిల్లల తిండికీ మరాస్మస్ వచ్చిన పిల్లల తిండికీ చెప్పుకోదగ్గ తేడా లేదనీ, ధాన్యం, పప్పు కలిసిన మామూలు తిండిని కడుపునిండా పెడితే మాంసకృత్తులు దానంతటదే సరిపోతాయనీ, అసలు కొరత మొత్తం తిండిలోనే ఉందనీ వాదించింది. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ఆ ప్రచారాన్నంతా ఒక మహా వైఫల్యంగా వర్ణించాడు. గోధుమ, శనగపప్పు, పల్లి, బెల్లం కలిపి ఇంట్లోనే చేసుకోగల 'హైదరాబాద్ మిక్స్' ఆ సంస్థ నుంచే వచ్చింది.

అయినా డబ్బా పొడి పరపతి తగ్గలేదు. బిడ్డ ఎదగాలంటే పాలలో ఏదో ఒక పొడి కలపాలన్న నమ్మకం దశాబ్దాల ప్రకటనల వల్ల స్థిరపడింది. సవరణ శాస్త్ర పత్రికలో అచ్చయితే ప్రకటన ప్రతి సాయంత్రం ఇంట్లో వినిపించింది. ఈ అసమానత ఆహార సలహాల చరిత్ర అంతటా కనిపిస్తుంది.

నూనె నుంచి అన్నం మీదికి

తరువాత నేరం కొవ్వు మీద పడింది. 1977లో అమెరికా సెనెట్ సంఘం కొవ్వు తగ్గించమని ప్రజలకు లక్ష్యాలు నిర్దేశించింది. అంతకు పదేళ్ల ముందు, 1967లో, చక్కెర పరిశ్రమ సంఘం సొమ్ముతో హార్వర్డ్ పరిశోధకులు రాసిన సమీక్షలో గుండెజబ్బులకు చక్కెర బాధ్యత తేలికై, కొవ్వు బాధ్యత బరువైంది. ఆ చెల్లింపు సంగతి 2016లో గాని బయటపడలేదు. తెలుగు నాట కూడా వైద్యులు నెయ్యి, కొబ్బరినూనె మానమన్నారు; రిఫైండ్ నూనెల ప్రకటనలు గుండె బొమ్మతో వచ్చాయి. కంచంలో అన్నం ఎంత అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. ఉప్పు, నూనె పూర్తిగా మానిన వంటను ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణ రాజు తన పుస్తకాలు, టెలివిజన్ ప్రసంగాల ద్వారా ఇంటింటికీ చేర్చారు. ఉప్పు తగ్గించాలన్నది శాస్త్ర సమ్మతమే. తగ్గించడానికీ పూర్తిగా మానడానికీ మధ్య దూరం మాత్రం వినేవారికి అందలేదు.

ఈ ఖాళీలోకి 2017-18లో విజయవాడకు చెందిన వీరమాచినేని రామకృష్ణ ఆహార విధానం వచ్చింది. వైద్యవిద్య చదవని వ్యక్తి చెప్పిన మాట తెలుగు రాష్ట్రాలను ఊపేసింది. అన్నం, రొట్టె, చక్కెర, పండ్లు మానాలి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, ప్రధానంగా కొబ్బరినూనె, తీసుకోవాలి. మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, విటమిన్ మాత్రలు తోడుండాలి. నిన్న శత్రువైన కొబ్బరినూనె నేడు మందయింది. వైద్యుడు కానివాడు బరువు తగ్గే మార్గం చెప్పడం కొత్త కాదు. 1863లో లండనులో అంత్యక్రియల సామగ్రి వ్యాపారి విలియం బాంటింగ్ తన స్థూలకాయం తగ్గిన తీరును చిన్న పుస్తకంగా అచ్చువేస్తే దానికి విపరీతమైన ఆదరణ లభించింది. అదీ పిండి, చక్కెర తగ్గించే పద్ధతే.

జనం నమ్మడానికి కారణం ఉంది. తొలి వారంలోనే తూకం తగ్గుతుంది. శరీరంలో నిలువ ఉన్న గ్లైకోజెన్, దానితో కూడిన నీరు ముందుగా పోవడం వల్ల ఇలా జరుగుతుంది. కొవ్వు కరగడం ఆ తరువాతి సంగతి. 2018 ఫిబ్రవరిలో, ఈ ఆహార విధానం తెలుగు నాట మార్మోగుతున్న రోజులలోనే, 609 మందిపై ఏడాది పాటు సాగిన అమెరికా ప్రయోగ ఫలితం వెలువడింది. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా గణాంకపరంగా లెక్కకు రానిది. రెండు మార్గాలూ పనిచేశాయి, ఏ ఒక్కటీ అద్భుతం కాదు. తెలుగు టెలివిజన్ చర్చలలో వైద్యులు కిడ్నీలు, గుండె పేరు చెప్పి హెచ్చరించారు. అటువైపు వారు తగ్గిన కిలోలు చూపించారు. ఇటువంటి ప్రయోగ ఫలితాలకు ఆ కేకల మధ్య చోటు దొరకలేదు.

వైద్యుల వాదనలోనూ ఒక బలహీనత ఉంది. టైప్ 2 మధుమేహం వస్తే జీవితాంతం మాత్రలు తప్పవన్నది అప్పటి మామూలు మాట. 2017లో వెలువడిన బ్రిటన్ 'డైరెక్ట్' అధ్యయనం, తక్కువ కేలరీల ద్రవాహారంతో బరువు తగ్గించినవారిలో 46 శాతం మందికి ఏడాదికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చిందని చూపింది. అంటే "షుగర్ తగ్గుతుంది" అన్నది అబద్ధం కాదు. కాని ఆ అధ్యయనంలో మందులు ఆపిందీ, రక్తపరీక్షలు గమనించిందీ వైద్య బృందమే. మధుమేహం వచ్చి ఎక్కువ ఏళ్లు కాని వారినే అందులో చేర్చుకున్నారు. వీడియో చూసి ఇన్సులిన్ మానిన టైప్ 1 రోగికి ఎదురయ్యేది ప్రాణాంతకమైన కీటోఅసిడోసిస్. ఒకే మాట ఒకరికి మేలు, మరొకరికి మృత్యువు కాగల చోట సభలోనైనా తెరమీదనైనా అందరికీ ఒకే సలహా ఇవ్వడం ప్రమాదకరం.

తటస్థమైన జొన్న

ఇంచుమించు అదే కాలంలో మైసూరు నివాసి ఖాదర్ వలీ ప్రచారం చేసిన సిరిధాన్యాలు కోరుట్ల అంగళ్లలోకీ వచ్చాయి. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు ఆయన లెక్కలో మేలు చేసే ధాన్యాలు. వరి, గోధుమ కీడు చేసేవి. జొన్న, సజ్జ, రాగి, మక్క తటస్థమైనవి. తరతరాల గట్కను పోషించిన జొన్నకు ఈ వర్గీకరణలో సిరి దక్కకపోవడం కోరుట్ల పాఠకునికి విచిత్రంగా తోచక మానదు.

చిరుధాన్యాలలో పీచు, ఖనిజాలు మరపట్టిన బియ్యం కన్నా మెరుగని చెప్పడానికి ఆధారాలున్నాయి. ఒక్కొక్క గింజ ఒక్కొక్క జబ్బును నయం చేస్తుందనడానికి సరితూగే ప్రయోగ ఫలితాలు లేవు. బరువు విషయానికొస్తే లెక్క సూటిగా ఉంటుంది. బియ్యమైనా, జొన్నలైనా, కొర్రలైనా 100 గ్రాములకు సుమారు 320 నుంచి 360 కిలోకేలరీలే. అన్నం తిన్నంత పరిమాణంలో కొర్ర అన్నం తింటే తూకంలో వచ్చే మార్పు స్వల్పం. ఒకప్పుడు పేదరికపు గుర్తయిన గింజ ఇప్పుడు పొట్లాలలో బియ్యాన్ని మించిన ధరకు అమ్ముడవుతున్నదన్నది వేరే విషాదం.

1954 నాటి ఔషధ, అద్భుత నివారణల ప్రకటనల చట్టం మధుమేహాన్ని, స్థూలకాయాన్ని నయం చేస్తామనే మందుల ప్రకటనలను నిషేధించింది. మందు అమ్మకుండా, తిండి పేరిట ఇచ్చే హామీని ఆ చట్టంలోకి ఇమడ్చడం కష్టం.

బీడీల చాట ముందు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ స్త్రీలలో సుమారు 30 శాతం అధిక బరువు ఉన్నవారు. 57 శాతానికి పైగా రక్తహీనత ఉన్నవారు. ఈ రెండు సంఖ్యలు కలిపి చూస్తే, బరువు ఎక్కువగా ఉండి రక్తం తక్కువగా ఉన్న స్త్రీలు అనేకులని ఊహించడం కష్టం కాదు. అటువంటి స్త్రీకి "తిండి తగ్గించు" అన్న సలహా సగం జబ్బుకే మందు. ఆమె కంచంలో అన్నం ఎక్కువ, మిగతావన్నీ తక్కువ. నాటి పెల్లాగ్రా రోగి కంచంలో జొన్న ఎక్కువ, మిగతావన్నీ తక్కువ. మారినది గింజ మాత్రమే.

2024 మేలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించరాదన్నాయి. 2,000 కిలోకేలరీల దినసరి తిండికి ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు సూచించాయి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం రేషన్ దుకాణాలలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నది. సూచించిన ధాన్యంలో అధిక భాగం దానితోనే తీరుతుంది. సూచించిన పప్పు నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలకు పైగా కావాలి. అది అంగడిలో, బీడీల కూలితో కొనుక్కోవలసినది.